శుక్రవారం పట్టిక

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం ముగించుకుని సీటు దగ్గరకు వచ్చేసరికి నా మెయిల్‌లో ఒక పట్టిక వచ్చి ఉంటుంది. నా బృందంలో హైదరాబాద్ కార్యాలయం కిందికి వచ్చే నలుగురి పేర్లు, వాటితోపాటు నా పేరు, ఆ నెలలో మేము గేటు దగ్గర కార్డు స్వైప్ చేసిన రోజులు, లోపల గడిపిన గంటలు, నిమిషాలు, చివరి గడిలో ఒక శాతం, ఆ శాతానికి తగిన రంగు అందులో కనిపిస్తాయి. 90 దాటితే ఆకుపచ్చ, 75కూ 90కీ మధ్య ఉంటే పసుపు, అంతకన్నా తగ్గితే ఎరుపు. ఎరుపు పడినవారిని పిలిచి కారణం అడిగి, సోమవారం సాయంత్రంలోగా దాన్ని పోర్టల్‌లో నమోదు చేయడం టీమ్ లీడ్‌గా నా బాధ్యత. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను కోడ్ రాశాను, ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతికాను, అర్ధరాత్రి పడిపోయిన సర్వర్లను తిరిగి నిలబెట్టాను. మనుషుల హాజరు వేయడం మాత్రం ఈ ఏడాదిన్నరలోనే నేర్చుకున్నాను.

నేను ఆఫీసుకు శత్రువును కాను. 2007లో ఉద్యోగంలో చేరినప్పుడు నాకు పని నేర్పింది శిక్షణ తరగతులు కాదు, పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్. ఆయన ఫోన్‌లో క్లయింట్‌తో మాట్లాడే తీరు, తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తొట్రుపడకుండా రేపటికి వాయిదా వేసే నేర్పు, తప్పు తనదైనప్పుడు ముందుగా తానే ఒప్పుకునే అలవాటు, ఇవేవీ ఏ వీడియో కాల్‌లోనూ నాకు దొరికేవి కావు. ఆఫీసుకు రమ్మనడం మీద నాకు పెద్దగా కోపం లేదు. వచ్చామా లేదా అని లెక్కపెట్టే పద్ధతి మీద, ఆ లెక్కే పని స్థానంలోకి వచ్చి కూర్చోవడం మీద, ఆ లెక్క నా చేత చేయిస్తున్న పనుల మీద నాకు కోపం ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించే నాటికి మా భవనంలో ఇంటి నుంచి పని అన్నది చాలామందికి ఊహకు కూడా అందని విషయం. మేము ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలి(సెజ్)లో. అక్కడ సుంకం లేకుండా కొన్న కంప్యూటర్ గేటు దాటాలంటే అనుమతులు కావాలి, సంతకాలు కావాలి. అటువంటి చోట వారం తిరిగేసరికి నిబంధనలన్నీ సడలిపోయాయి, యంత్రాలన్నీ బయటికి నడిచాయి. నేను నా మానిటర్‌ను పాత దుప్పటిలో చుట్టి, సీపీయూను కారు ముందు సీటులో పెట్టి సీటు బెల్టు కట్టి వనస్థలిపురం తెచ్చుకున్నాను. దారిలో ఆపిన పోలీసు అద్దంలోంచి చూసి, దానికి బెల్టు ఎందుకని అడిగాడు. నా ఉద్యోగం అదేనని చెప్పాను.

ఆ తర్వాత రెండేళ్లపాటు మాకు వినిపించినవన్నీ పొగడ్తలే. ఉత్పాదకత పెరిగిందని, ఒక్క డెలివరీ కూడా ఆగలేదని, పని భవిష్యత్తు మారిపోయిందని ప్రతి త్రైమాసికంలో మెయిళ్లు వచ్చేవి. దేశంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ అయిన టీసీఎస్, 2025 నాటికి తన సిబ్బందిలో 25 శాతానికి మించి కార్యాలయంలో ఉండాల్సిన అవసరం రాదని 2020లోనే ప్రకటించింది. అదే సంస్థ 2023లో వారానికి ఐదు రోజులూ రమ్మన్నది, 2024లో హాజరును వేరియబుల్ పేతో, అంటే జీతంలో మారుతూ ఉండే భాగంతో, ముడిపెట్టింది. ఇది ఒక్క సంస్థ మాటా కాదు, ఒక్క దేశం మాటా కాదు. కరోనా కాలంలో ప్రపంచమంతటినీ ఇళ్లలో కూర్చోబెట్టి మాట్లాడించిన జూమ్ సంస్థ కూడా 2023 ఆగస్టులో, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉండే తన ఉద్యోగులు వారానికి రెండు రోజులు రావాల్సిందేనని చెప్పింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. అమెజాన్ 2024 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2025 జనవరి 2 నుంచి వారానికి ఐదు రోజుల హాజరు అమల్లోకి వచ్చింది. నానక్‌రామ్‌గూడలో ఆ సంస్థ 2019లో తెరిచిన భవనంలో 15 వేల మంది పట్టే చోటు ఉందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నాం. అంతమంది ఒకే ఉదయం ఒకే కూడలి మీదుగా వెళితే ఎలా ఉంటుందో అప్పుడు ఎవరూ ఆలోచించినట్టు లేదు.

మా సంస్థ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు; పెద్దవాళ్లు ఏం చేస్తే ఆరు నెలల తర్వాత అదే చేస్తుంది. 2023లో వారానికి రెండు రోజులు వీలైతే రమ్మన్నారు. 2024 జూన్‌లో నాలుగు రోజులు తప్పనిసరి అన్నారు. రోజుకు కనీసం 8 గంటలు లోపల ఉంటేనే దాన్ని రోజుగా లెక్కిస్తామని, తగ్గితే అరరోజేనని ఆ తర్వాత నెలలో మరో మెయిల్ వచ్చింది. పట్టికకు రంగులు వచ్చింది అప్పటినుంచే.

నా ప్రయాణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విధానం రాసిన వారి చిత్రంలో అది ఎక్కడా లేదు. మా ఇల్లున్న వనస్థలిపురం నగరానికి తూర్పు కొస, ఇప్పుడు ఆఫీసు ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పడమటి కొస. 2011లో ఇల్లు కొన్నప్పుడు మా ఆఫీసు బేగంపేటలో ఉండేది. ఇల్లు కదలలేదు, ఆఫీసే కదిలింది. ఉదయం ఏడింటికి స్కూటర్ మీద ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌కు వెళతాను. అక్కడ రైలు బయలుదేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, ఆ ఒక్క సుఖం ఉంది. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం వైపు వెళ్లే రైలు ఎక్కాలి. మూడంటే మూడు పెట్టెల రైలు అది. నాగోలు నుంచి నిండిపోయి వస్తుంది. మొదటి రైలు తలుపులు తెరుచుకున్నప్పుడు లోపలివాళ్లు మనల్ని చూసే చూపులోనే జవాబు ఉంటుంది. ఆ రైలును వదిలేసి, రెండోదానిలోకి నన్ను నేను తోసుకుని, లాప్‌టాప్ సంచిని వీపు నుంచి పొట్ట మీదకు తిప్పుకుని, ఎవరి భుజం మీదో నా ముక్కు, నా భుజం మీద ఎవరి మోచెయ్యో ఆనించి రాయదుర్గం చేరతాను. మెట్రో అక్కడితో ఆగిపోతుంది. 2019 నవంబరులో అక్కడిదాకా వచ్చిన రైలు మరి అంగుళం ముందుకు కదల్లేదు. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన మార్గాన్ని ఏడాదికే, ప్రభుత్వం మారాక, పక్కన పెట్టారు. అక్కడి నుంచి మిగిలింది షేర్ ఆటో. డ్రైవర్‌కు ఇటొకరు, అటొకరు, వెనక నలుగురు. బయోడైవర్సిటీ కూడలి దాటి, గచ్చిబౌలి దాటి, మా గేటు దగ్గర దిగేసరికి తొమ్మిది అవుతుంది.

పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. వారానికి నాలుగు రోజుల చొప్పున నెలకు పదహారు రోజులు అనుకుంటే 64 గంటలు. రోజుకు 8 గంటల పని అన్న వాళ్ల లెక్క ప్రకారమే చూసినా నెలకు ఎనిమిది పనిదినాలు నేను అమీర్‌పేట మెట్ల మీద, షేర్ ఆటోల్లో చేస్తున్నాను. ఈ లెక్కకు రంగు లేదు. ఆ 64 గంటల్లో నేనేదో లోకాన్ని ఉద్ధరించేవాణ్ని అని కూడా చెప్పను. మా అబ్బాయికి ఎక్కాలు చెప్పేవాణ్ని, సాయంత్రం మా నాన్నతో కలిసి పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరిగేవాణ్ని, అంతే. ఇప్పుడు మా వాడు పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయాడు, మా నాన్న పార్కుకు వెళ్లడం మానేశాడు.

వాన కురిసిన రోజు సంగతి వేరే చెప్పాలి. 2023 జూలైలో కుండపోత వానలు కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలన్నిటికీ మూడు విడతల లాగౌట్ వేళలు సూచించారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ వరకు ఉన్నవారు మూడింటికే బయలుదేరాలి, రాయదుర్గం వైపు వారు నాలుగున్నరకు, ఇలా. అందరూ ఒక్కసారిగా రోడ్డెక్కితే నగరం స్తంభిస్తుందని పోలీసు శాఖకు తెలుసు. మా పోర్టల్‌కు తెలియదు. నిరుడు వానాకాలంలో ఒకరోజు నేను ఇంటి నుంచి ఏడింటికి బయలుదేరి, షేర్ ఆటోలో మోకాలి లోతు నీటిలో గంటన్నర నిలబడి, 11:40కి స్వైప్ చేశాను. సాయంత్రం ఐదున్నరకు, రాత్రికి ఇంకా పెద్ద వాన ఉందని, వీలైనంత త్వరగా ఇళ్లకు వెళ్లమని భవనం మైకులోనే ప్రకటించారు. ఆరింటికి బయటికి వచ్చాను. 6 గంటల 20 నిమిషాలు. శుక్రవారం పట్టికలో ఆ రోజు అరరోజుగా పడింది. ఇంటి దగ్గర కూర్చుని ఉంటే ఆ రోజు నేను పదకొండు గంటలు పనిచేసేవాణ్ని; అరరోజు కూడా పడేది కాదు, అది వేరే సంగతి.

ఇంత పడి వచ్చాక లోపల ఏముంది? మా బృందంలో నాతో కలిపి పదకొండు మంది. హైదరాబాద్‌లో ఐదుగురం, పుణెలో ఇద్దరు, చెన్నైలో ఇద్దరు, అమెరికాలో షార్లెట్ నగరంలో ఇద్దరు. మేము ఐదుగురమైనా ఒకచోట కూర్చుంటామా అంటే, 2021లో ఎవరూ రావడం లేదని మా సంస్థ రెండు అంతస్తులు ఖాళీ చేసి అప్పగించేసింది. ఇప్పుడు మనుషులు ఉన్నంతమందికి కుర్చీలు లేవు. ముందు రోజు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు యాప్‌లో సీట్ల బుకింగ్ తెరుచుకుంటుంది. తత్కాల్ టికెట్ తీసిన అనుభవం ఉన్నవారికి పన్నెండూ రెండుకల్లా కిటికీ పక్క సీటు దొరుకుతుంది, మిగిలినవారికి ప్రింటర్ పక్కన, ప్యాంట్రీ ఎదురుగా. కాబట్టి నేను నాలుగో అంతస్తులో, మా కుర్రాడొకడు ఆరో అంతస్తులో, మరొకామె పక్క బ్లాకులో కూర్చుని, ముగ్గురం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ రోజు పని గురించి చెప్పుకునే అదే స్టాండప్ కాల్‌లో కలుసుకుంటాం. మీటింగ్ గదులు ఎప్పుడూ నిండే ఉంటాయి కాబట్టి కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు క్లయింట్ కాల్ వచ్చినప్పుడల్లా అగ్నిమాపక మెట్ల మీదకు వెళ్లి, లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని మాట్లాడతాడు. ఒకసారి అమెరికా నుంచి మా మేనేజరు, వెనకాల ఆ ప్రతిధ్వని ఏమిటని అడిగాడు. కలిసి పనిచేయడం అన్నాను.

అనకూడదు. కానీ అన్నాను.

ఇది కేవలం నా చిరాకు కాదనడానికి ఒక ఆధారం ఉంది. స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ తదితరులు చైనాకు చెందిన ట్రిప్ డాట్ కామ్ సంస్థలో 1,612 మంది ఉద్యోగుల మీద ఆరు నెలలపాటు ఒక ప్రయోగం జరిపి, ఫలితాలను 2024లో నేచర్ పత్రికలో ప్రచురించారు. పుట్టినరోజు బేసి తేదీన వచ్చేవారిని వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిచ్చారు, సరి తేదీవారిని ఐదు రోజులూ ఆఫీసుకు రప్పించారు. పనితీరు మదింపులో గానీ, తర్వాత రెండేళ్ల పదోన్నతుల్లో గానీ రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. తేడా రాజీనామాల్లో కనిపించింది: ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉన్నవారిలో అవి మూడో వంతు తగ్గాయి. ఆ తగ్గుదల ముఖ్యంగా ఆడవారిలో, మేనేజర్లు కానివారిలో, దూరం నుంచి వచ్చేవారిలో కనబడింది. ప్రయోగానికి ముందు అక్కడి మేనేజర్లు దీనివల్ల ఉత్పాదకత తగ్గుతుందని అంచనా వేశారు, ముగిశాక పెరుగుతుందన్నారు. చూసి మనసు మార్చుకున్న మేనేజర్లు ఉన్న దేశం కూడా ఉందన్నమాట. గమనించాల్సింది ఇంకొకటి, అక్కడ మూడు రోజులు అందరూ ఆఫీసుకు వచ్చారు. నేను అడిగేదీ అంతకు మించినది కాదు.

అవతలి పక్షానికీ న్యాయం చేయాలి. 2021లో కళాశాల నుంచి నేరుగా ఇంటి నుంచే చేరిన పిల్లలు ఎంత ఇబ్బంది పడ్డారో చూశాను. ఒక కుర్రాడు రెండు రోజులు ఒకే లోపం దగ్గర చిక్కుకుని, అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. పక్కన కూర్చుని ఉంటే వాడి ముఖం చూసి పది నిమిషాల్లో కనిపెట్టేవాణ్ని. ఇంటి నుంచి పని అన్న పేరుతో రాత్రి పదకొండింటికి కాల్ పెట్టడం ఎవరికీ తప్పుగా తోచని రోజులూ అవే. రెండు గదుల ఇంట్లో అత్తమామల ముందు, వంటింటి కుక్కర్ కూత వినబడకుండా మైక్ ఆపుకుంటూ పనిచేసిన ఆడపిల్లలకు ఆఫీసే ఊపిరి తీసుకునే చోటు అయిన మాటా నిజం. మా గేటు ఎదురుగా టిఫిన్ బండి నడిపే ఆవిడ 2020లో బండి అమ్ముకుని మహబూబ్‌నగర్ జిల్లాలోని సొంతూరికి వెళ్లిపోయి, 2022లో అప్పు చేసి మళ్లీ కొనుక్కుంది. నేను ఈ విషయం మీద విసుక్కుంటుంటే విని, "మీరందరూ ఇంట్ల కూసుంటే మా ఇడ్లీలు ఎవరు తింటరు సార్?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అయితే ఆవిడ ఇడ్లీల కోసమే ఈ విధానం పెట్టారని మా పైవారు చెప్పి ఉంటే నేను ఇంకొంచెం సంతోషంగా వచ్చేవాణ్ని.

మరి ఎందుకు పెట్టారు? మెయిళ్లలో రాసేది సంస్కృతి, సృజనాత్మకత, సమష్టితత్వం. దీర్ఘకాలపు లీజులకు కట్టే అద్దెలు ఒక కారణం కావచ్చు. ప్రత్యేక ఆర్థిక మండళ్ల నిబంధనలు ఒక కారణం కావచ్చు. ఆ మండళ్లకు 2022 జూలైలో కేంద్రం 43ఎ నిబంధన తెచ్చినప్పుడు సిబ్బందిలో సగానికి మించి ఇంటి నుంచి పనిచేయరాదని పరిమితి పెట్టింది, దాన్ని తర్వాత సడలించింది. కానీ అసలు కారణంగా నాకు తోచేది వేరు. 2021, 22లలో ఎడాపెడా ఉద్యోగాలు ఇచ్చారు. ఆ తర్వాత ప్రాజెక్టులు తగ్గాయి. తీసేస్తే పరిహారం ఇవ్వాలి, పత్రికల్లో పేరు వస్తుంది. మనిషి తనంతట తాను వెళ్లిపోతే ఈ రెండూ ఉండవు. ఇది నా అనుమానమే, ఏ సమావేశంలోనూ ఎవరూ నాతో ఇలా చెప్పలేదు. అయితే నాలుగు రోజుల నిబంధన వచ్చిన త్రైమాసికంలో మా విభాగం నుంచి పదముగ్గురు వెళ్లిపోతే, ఆ ఖాళీల్లో ఒక్కదాన్ని కూడా నింపమని ఎవరూ అడగలేదు.

లెక్కపెట్టడం మొదలైతే మనుషులు లెక్కకు సరిపడా బతకడం నేర్చుకుంటారు. ఉదయం వచ్చి స్వైప్ చేసి, కాఫీ తాగి, లాప్‌టాప్ సంచిని కుర్చీకి తగిలించి వెళ్లిపోయేవారు ఉండేవారు. ఆ విద్యకు అమెరికాలో కాఫీ బ్యాడ్జింగ్ అని పేరు కూడా పెట్టారు. 8 గంటల నిబంధన దానికి విరుగుడుగా వచ్చింది. దానికి విరుగుడు మనవాళ్లు వారంలో కనిపెట్టారు. సాయంత్రం పని అయిపోయినా గంటలు నిండలేదు కాబట్టి క్యాంటీన్‌లో క్యారమ్స్ ఆడుతూ, ఫోన్‌లో క్రికెట్ చూస్తూ కూర్చుంటారు. ఏడూ నలభై ఎనిమిదికి నిండుతుందంటే ఏడూ నలభై ఆరుకి లేచి, మెల్లగా నడుస్తూ, కార్డు చూపిస్తే తెరుచుకునే టర్న్‌స్టైల్ గేటు ముందు నిలబడి, గడియారం చూసి స్వైప్ చేస్తారు. ఒక సాయంత్రం అక్కడ ఆరుగురం వరసలో నిలబడి ఉన్నాం, అందరం నలభై దాటినవాళ్లమే, అందరి చేతుల్లోనూ కార్డు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. సెక్యూరిటీ కుర్రాడు మాత్రం మమ్మల్ని చూసి, మర్యాదగా, తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇక నా పట్టికలో మూడో వరుస.

ఆమెది పాలకొల్లు. 2021 నవంబరులో చేరింది. నియామక పత్రంలో పనిచేసే చోటు అన్న గడిలో రిమోట్ అని రాసి ఉంది; నేను కళ్లారా చూశాను. భర్త భీమవరంలో రొయ్యల మేత వ్యాపారంలో ఉన్నాడు, చెరువులను వదిలి కదిలే వీలు లేని పని. టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టుకోవడంలో, ఆమెకు ఉన్న చూపు నాకు లేదు. 2023 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ కొత్త రూపాన్ని విడుదల చేసే ఒక రిలీజ్ రాత్రి రెండింటికి, చెల్లింపులు రెండుసార్లు పడుతున్న లోపాన్ని మేమంతా నెట్‌వర్క్ సమస్య అనుకుంటుంటే, తేదీ మారే వేళకు అమెరికా, భారత కాలమానాల మధ్య తేడా వల్ల వస్తున్నదని పట్టుకున్నది ఆమె. ఆ కాల్‌లో వెనక ఏడాది పాప ఏడుపు వినబడుతూనే ఉంది. మర్నాడు క్లయింట్ నుంచి అభినందన వచ్చింది, దాన్ని నేను అందరికీ పంపాను.

2025 జనవరిలో రిమోట్ మినహాయింపులన్నీ రద్దు చేశారు. ఉద్యోగ స్థలాన్ని మార్చే హక్కు సంస్థకు ఉందని అదే నియామక పత్రం నాలుగో పేజీలో ఉందట. ఆమె పాపను తల్లి దగ్గర వదిలి ఫిబ్రవరిలో గచ్చిబౌలిలో ముగ్గురు ఉండే పీజీ హాస్టల్ గదిలో చేరింది. ఆ వారంలోనే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు కల్పిస్తామని, ఊళ్లలో, మండలాల్లో ఉమ్మడి పని కేంద్రాలకు ప్రోత్సాహం ఇస్తామని ప్రకటించారు. క్యాంటీన్‌లో భోజనం చేస్తూ ఆమె ఆ వార్తను నాకు ఫోన్‌లో చూపించింది. "చూడండి సార్, నేను ఇలా వచ్చానో లేదో, ఉద్యోగాలు అటు వెళ్తున్నాయంట" అని నవ్వింది.

సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు, గురువారం రాత్రి రైలు, ఆదివారం రాత్రి మళ్లీ నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లులో ఎక్కి సోమవారం ఉదయం లింగంపల్లిలో దిగడం. హాస్టల్‌కు వెళితే ఆలస్యమవుతుందని నేరుగా ఆఫీసుకే వచ్చేది. ఒక సోమవారం నేను తొందరగా వచ్చినప్పుడు చూశాను, ప్రింటర్ పక్క సీటులో బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. కాళ్ల దగ్గర ప్రయాణపు సంచి, దాని పక్కన ప్లాస్టిక్ కవర్లో ఆవకాయ డబ్బా. ఒలకకుండా డబ్బా మూతి చుట్టూ గుడ్డ కట్టి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి ఉంది. లేపలేదు. గంటలు నడుస్తూనే ఉన్నాయి కదా.

మేలో పాపకు జ్వరం వచ్చి ఆమె ఒక వారం రాలేకపోయింది. ఆ వారం పాలకొల్లు నుంచే పనిచేసింది, ఒక్క కాల్ కూడా తప్పలేదు. శాతం 71కి పడింది. ఎరుపు. కారణం నమోదు చేసే చోట పోర్టల్‌లో నాలుగే నాలుగు ఐచ్ఛికాలు ఉంటాయి: స్వీయ అనారోగ్యం, అధికారిక ప్రయాణం, శిక్షణ, ఇతరం. పాప జ్వరం ఇతరంలోకి వస్తుంది. నేను ఆమెను పిలిచి అడగాలి కాబట్టి పిలిచి అడిగాను. నాకు తెలిసిన కారణాన్నే ఆమె నోటితో చెప్పించి, ఇతరం అని గుర్తు పెట్టి, సమర్పించు అన్న బొత్తాం నొక్కాను. "పర్లేదండి, మీరేం చేస్తారు" అన్నది. ఆ మాట నాకు తిట్టులాగే వినిపించింది, ఆమె అలా అనలేదని తెలిసినా. మినహాయింపు కోరుతూ పైకి ఒక విజ్ఞప్తి పంపాను. ఆరు వారాలైనా దాని స్థితి పరిశీలనలో ఉన్నట్టే చూపించింది. జూలైలో మదింపు జరిగినప్పుడు ఆమె రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. తగ్గించింది నేను కాదు, హాజరు గుణకం దానంతట అదే తగ్గించిందని చెప్పారు. అయితే కింద మేనేజరు అన్నచోట నా పేరే ఉంది. నేను సంతకం పెట్టకుండా ఉండవచ్చు, పెట్టాను. వనస్థలిపురం ఇంటి మీద ఇంకా ఆరేళ్ల ఈఎంఐ ఉంది.

ఆగస్టు మొదటి వారంలో ఆమె రాజీనామా పంపింది. కారణం అన్నచోట వ్యక్తిగతం అని రాసింది. రెండు నెలల నోటీసు కాలంలో వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలి, దానికి ఏ మినహాయింపూ వర్తించదు. దాంతో గురువారం రైలు పోయింది. శుక్రవారం రాత్రి బయలుదేరి శనివారం ఉదయం పాపను చూసి, ఆదివారం రాత్రి తిరిగి బయలుదేరుతోంది. తన పనిని వేరొకరికి అప్పగించే పత్రాలను ఆమె అంత శ్రద్ధగా రాయడం చూస్తే నాకు సిగ్గేస్తోంది.

నిన్న శుక్రవారం. భోజనం చేసి వచ్చేసరికి పట్టిక వచ్చి ఉంది. నాకు 83, పసుపు. ఆరో అంతస్తు కుర్రాడికి 78. మూడో వరుసలో ఆమె పేరు, 22 రోజులకు 22 రోజులు, చివరి గడిలో 100, ఆకుపచ్చ. ఈ నెలలో మా విభాగంలో ఆ అంకె ఇంకెవరికీ రాలేదని, వారిని ప్రత్యేకంగా అభినందించాలని మెయిల్ చివర ఒక వాక్యం ఉంది.